బళ్లో ఐదొందల ఇరవై మంది, బహుమతులకు పది మందేనా?

ప్రశ్న: గుంటూరులో సిస్టర్లు నడిపే బాలికల హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ప్రభుత్వ సాయం అందే ఎయిడెడ్ స్కూలే గానీ కొన్ని సెక్షన్లు ఆ సాయం లేని అన్‌ఎయిడెడ్. ఆరు నుంచి పది దాకా 520 మంది అమ్మాయిలు, వాళ్లలో 70 మంది బోర్డింగులో ఉంటారు. ఈ జూన్ నుంచి హౌసులు (పోటీల కోసం పిల్లల్ని పంచే జట్లు), పోటీలు, వార్షికోత్సవం అన్నీ నాకు అప్పజెప్పారు. ఏ పోటీకి పిలిచినా అవే పదిమంది వెళ్తారు, వాళ్లే బహుమతులు తెస్తారు. కిందటేడు రిపోర్టు రాయబోతే ఎవరు ఎక్కడ గెలిచారో కాగితం దొరకలేదు. పిల్లల కొత్త సైన్సు ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ అవార్డుకి ఎంపికైన పాపకు డబ్బు పడలేదు. ప్రేయర్ గురించి ఒక హిందూ తల్లి అడుగుతున్నారు, చదువు పాడవుతుందని పదో తరగతి తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారు. వార్షికోత్సవం 2027 ఫిబ్రవరి రెండో వారంలో అనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టను?

సమాధానం: టీచర్ గారూ, మీరు విడివిడిగా రాసిన కష్టాల్లో చాలావాటి ముడి ఒక్కచోటే ఉంది. పేర్లు రాసిపెట్టుకునే పని మీ స్కూల్లో ఎవరిదీ కాకుండా పోయింది. అందుకే ముందు ఒక రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఫోన్లో ఎక్సెల్ పెట్టుకుంటానంటే పెట్టుకోండి గానీ, ఏడాది చివర్లో ఇన్‌చార్జి మారినప్పుడు ఫోను మీతో వెళ్లిపోతుంది, పుస్తకం బీరువాలో ఉంటుంది.

ఎడమ పేజీలో సెక్షన్ వారీగా పేర్లు, హాజరు పట్టీలో ఉన్న వరసలోనే. కుడి పేజీలో జూన్ నుంచి ఫిబ్రవరి దాకా తొమ్మిది గళ్లు. పేజీకి 35 పేర్లు రాస్తే 520 మందికి పదిహేను జంట పేజీలు చాలు. ఒక పిల్ల దేనిలోనైనా పాల్గొంటే ఆ నెల గడిలో చుక్క, గెలిస్తే చుక్క చుట్టూ సున్నా. పాల్గొనడమంటే బయటి పోటీలే కానక్కర్లేదు. ప్రేయర్లో వార్తలు చదవడం, స్టేజి వెనక మైకు చూసుకోవడం, క్రిస్మస్ పశువులపాక కట్టడం, ఇవన్నీ చుక్కలే. నెలాఖరున క్లాస్ టీచర్లతో కూర్చుంటే అరగంట పని. దసరా సెలవుల ముందు ఆ పుస్తకం తిరగేయండి. అడ్డంగా ఒక్క చుక్క కూడా లేని వరసలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ఎవరికి అవకాశం ఇవ్వాలో అప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆ ఖాళీ వరసల్లో ఎక్కువగా రెండు రకాల పిల్లలు ఉంటారు. ఒకటి, ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. మేడికొండూరు, ప్రత్తిపాడు, చేబ్రోలు వైపు నుంచి వచ్చే అమ్మాయికి సాయంత్రం బస్సు తప్పితే ఇంట్లో తిట్లు. బడి వదిలాక రిహార్సల్ పెడితే ఆ పిల్ల తనంతట తనే తప్పుకుంటుంది, మీరు దాన్ని ఆసక్తి లేకపోవడం అనుకుంటారు. రిహార్సళ్లు మధ్యాహ్నం భోజనాల తర్వాత పావుగంట, వారంలో రెండు రోజులు ఆఖరి పీరియడ్‌లోకి మార్చండి. రెండు, బోర్డింగు పిల్లలు. పోటీల కబురు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారేమో చూసుకోండి. బోర్డింగు పిల్ల చేతిలో ఫోను ఉండదు, వాళ్ల అమ్మ ఎక్కడో పల్నాడు పల్లెలో మిరప చేలో ఉంటుంది. అదే సర్క్యులర్‌ని బోర్డింగు భోజనాల గదిలో ఒక బోర్డు మీద అంటించాలి, వార్డెన్ సిస్టర్ రాత్రి స్టడీ అవర్లో ఒకసారి చదవాలి. బోర్డింగు పిల్లని ఊరు దాటించాలంటే తల్లిదండ్రుల సంతకం కావాలి. పోటీ ఎల్లుండి అనగా ఆ సంతకం రాదు. జూన్‌లో పిల్లని దింపడానికి వచ్చిన రోజే, జిల్లాలో జరిగే పోటీలకు టీచరు తోడుతో పంపడానికి ఏడాది మొత్తానికి ఒకే అంగీకార పత్రం రాయించుకోండి. ఈ ఏడు జూన్ దాటిపోయి ఉంటే దసరాకి తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు రాయించండి.

ఇక అవే పదిమంది ఎందుకు వెళ్తారంటారా? టీచర్లకు పక్షపాతం అని తొందరపడి అనుకోకండి. సర్క్యులర్ మంగళవారం వస్తుంది, పోటీ గురువారం. ఆ రెండు రోజుల్లో కొత్త పిల్లని తయారు చేసే ధైర్యం ఎవరికీ ఉండదు. కిందటిసారి గెలిచిన పిల్లనే లాగి పంపుతారు. దీనికి మందు ముందే తయారైన జాబితా. తెలుగు వక్తృత్వం, ఇంగ్లీషు వక్తృత్వం, హిందీ, వ్యాసం, చేతిరాత, బొమ్మలు, పాట, క్విజ్, చదరంగం అని అంశాలు రాసి, ఒక్కోదానికి హౌసుకి ముగ్గురు చొప్పున జూలైలోనే పేర్లు ఖాయం చేయండి. ముగ్గురిలో ఒకరైనా అంతకుముందు బయటికి వెళ్లని పిల్ల అయి ఉండాలి. ఒక్కో పిల్ల రెండు అంశాలకు మించి జాబితాలో ఉండకూడదని నియమం పెట్టండి. ఈ నియమానికి మొదట అభ్యంతరం చెప్పేది ఆ పదిమంది తల్లులే. అయినా పట్టు వదలొద్దు.

హౌసుల సంగతి త్వరగా చెప్పేస్తా. సెక్షన్ల వారీగా హౌసులు చేస్తే అవి క్లాసులే అవుతాయి. అడ్మిషన్ నంబరు వరసలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పంచుకుంటూ పోండి. హౌసుకి 130 మంది వస్తారు. అక్కచెల్లెళ్లను ఒకే హౌసులో ఉంచితే రంగు రిబ్బన్లు, చున్నీలు ఇంట్లో ఒకరివి ఒకరికి పనికొస్తాయి. బోర్డింగు పిల్లల్ని మాత్రం లెక్కపెట్టి పదిహేడు, పద్దెనిమిది మంది చొప్పున నాలుగింటికీ పంచాలి. వాళ్లంతా ఒకే హౌసులో పడితే సాయంత్రాలు సాధన చేసుకునే వీలు ఆ ఒక్క హౌసుకే ఉంటుంది, కబడ్డీ, ఖోఖో కప్పులు ఏటా అక్కడికే పోతాయి. పాయింట్లు మొదటి స్థానానికి 5, రెండుకి 3, మూడుకి 2, పాల్గొన్న ప్రతి కొత్త పిల్లకి 1. ఆ ఒక్క పాయింటు కోసం కెప్టెన్లే వెతుక్కుంటూ వెళ్లి వెనక బెంచీ పిల్లల్ని లాక్కొస్తారు. కెప్టెన్లను తొమ్మిదో తరగతి నుంచి తీసుకోండి. స్కూల్ లీడర్ పదో తరగతి అమ్మాయే కావాలంటే కానివ్వండి, డిప్యూటీగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఉండి డిసెంబరు నుంచి పని అంతా తనే చూసుకోవాలి. ఎన్నిక రహస్య బ్యాలెట్‌తో పెట్టండి. మీరు సోషల్ టీచరు కాబట్టి నామినేషన్, ఉపసంహరణ, పోలింగ్ ఏజెంటు, లెక్కింపు అన్నీ ఒక పాఠంగా జరిపించవచ్చు. చేతులెత్తించి ఎన్నుకుంటే టీచర్ల కళ్లలోకి చూసి చేతులెత్తుతారు.

ఇప్పుడు ఇన్‌స్పైర్ డబ్బు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పిల్లల చేతికి రావలసినవి ఎక్కువగా ఇలాంటి చోటే జారిపోతాయి.

క్యాథలిక్ కుటుంబాల పిల్లలకి తరచుగా రెండు పేర్లు ఉంటాయి. జ్ఞానస్నానం నాడు పెట్టిన పునీతుల పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఒకటి. అడ్మిషన్ రిజిస్టర్లో మరియ జ్యోతి, ఆధార్‌లో జ్యోతి, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ముందు అక్షరంతో జ్యోతి మేరి. మనకి ముగ్గురూ ఒకరే, కంప్యూటర్‌కి ముగ్గురు. హిందూ, ముస్లిం పిల్లలకీ ఈ చిక్కు ఉంది. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా ఒక్క అక్షరమేనా, ఇంగ్లీషులో దీర్ఘానికి అక్షరం ఒకటా రెండా అన్న దగ్గర తేడా వస్తుంది. పదో తరగతి మార్కుల మెమో మీద ఎలా పడితే ఇక జీవితమంతా అలాగే. అందుకే ఈ పని పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా) పంపేనాటికి చూసుకుందామంటే కుదరదు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే తేల్చేయాలి.

ప్రతి పిల్లకి చేతి వెడల్పు చీటీ ఒకటి ఇవ్వండి. అందులో నాలుగు గళ్లు: జనన ధ్రువపత్రంలో ఉన్నట్టు, స్కూలు రిజిస్టర్లో ఉన్నట్టు, ఆధార్‌లో ఉన్నట్టు, బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టు. తల్లిదండ్రులు గుర్తున్నంత రాస్తే ఒప్పుకోవద్దు. పక్కన జిరాక్సు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ విడిగా గడిలో రాయించండి. పుట్టిన తేదీ కూడా. నాలుగూ కలిస్తే పచ్చ టిక్కు, ఎక్కడ తేడా ఉంటే అక్కడ ఎర్ర గీత. తేడా ఉన్నప్పుడు ఏది మార్చాలన్నది తర్వాతి ప్రశ్న. జనన ధ్రువపత్రం, స్కూలు రికార్డు ఒకలా ఉండి ఆధార్ వేరుగా ఉంటే ఆధారే మార్చుకోవడం తేలిక. కాకపోతే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు. తొందరపడి తప్పుగా మార్పిస్తే ఒక అవకాశం పోయినట్టే. అడ్మిషన్ రిజిస్టర్లో మాత్రం ఎవరూ కొట్టివేసి రాయకూడదు. పదిహేనేళ్లు నిండిన పిల్లలు ఆధార్ వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలన్న సంగతి చాలామంది తల్లులకు తెలియదు. పదో తరగతి పిల్లలకు అది కూడా చీటీలోనే గుర్తుచేయండి.

బ్యాంకు ఖాతా దగ్గర మూడు గోతులున్నాయి. మొదటిది, రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా స్తంభించిపోవచ్చు. ఆరో తరగతిలో స్కాలర్‌షిప్పు కోసం తెరిచి మర్చిపోయిన ఖాతా ఎనిమిదికి వచ్చేసరికి పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఆర్నెల్లకోసారి వంద రూపాయలు వేసి తీయమని చెప్పండి. రెండోది, బ్యాంకుల విలీనం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇంట్లో పాత పుస్తకం చూసి పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాసిచ్చే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. కొత్త పుస్తకం తెస్తేనే తీసుకోండి. మూడోది అందరూ తప్పుగా అర్థం చేసుకునేది. ఆధార్ ఆధారంగా వేసే ప్రభుత్వ డబ్బు, ఆ ఆధార్‌కి ఆఖరున జతపడిన ఒక్క ఖాతాలోకే వెళ్తుంది. మీకు రాసిచ్చింది స్టేట్ బ్యాంకు ఖాతా అయినా, మధ్యలో వాళ్లమ్మ పోస్టాఫీసులో పిల్ల పేరున కొత్త ఖాతా తెరిచి ఆధార్ జతచేసి ఉంటే డబ్బు అక్కడికి చేరి ఉండొచ్చు. మీ పాప విషయంలో డబ్బు పోయిందని ఇంట్లోవాళ్లు బాధపడే ముందు, బ్యాంకుకి వెళ్లి ఆ పిల్ల ఆధార్ ప్రస్తుతం ఏ బ్యాంకుకి జతై ఉందో అడగమనండి. ఎక్కడా పడలేదని తేలితే, ఎంపిక ఉత్తర్వు జిరాక్సు, కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ, హెచ్‌ఎం సిస్టర్ లేఖ పెట్టి డీఈఓ కార్యాలయంలో ఇవ్వండి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇన్‌స్పైర్‌కి ఎంపికైతే వచ్చేది 10,000 రూపాయలు. హైస్కూలు నుంచి ఐదు ఆలోచనల దాకా పంపవచ్చు. ఈ ఐదు ఎక్కడ పోతాయంటే, సైన్సు టీచరు యూట్యూబ్ చూసి ఐదు మోడళ్లు ఎంచి ఐదుగురు మంచి విద్యార్థినుల పేర్లు పెట్టడంతో. నీటి చక్రం, సిరంజీలతో జేసీబీ, సోలార్ వీధిదీపం. చూసేవాళ్లు వెతికేది కొత్త ఆలోచన, అవి వందల స్కూళ్ల నుంచి వచ్చేవే. పిల్లల్ని ఏం కనిపెడతావు అని అడగొద్దు. మీ ఇంట్లో అమ్మకి రోజూ విసుగు పుట్టించే పని ఏది అని అడగండి.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరులో వేల మంది ఆడవాళ్లు మిరపకాయ తొడిమలు తీసే పనికి వెళ్తారు. ఒక ఎనిమిదో తరగతి పిల్ల అయితే ఇలా చెప్తుంది: "అమ్మ చేతులు రాత్రంతా మండుతాయి టీచర్, ఎంత కడిగినా పోదు, తమ్ముణ్ణి ఎత్తుకోనివ్వదు." ఇందులో సైన్సు ఉంది. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నీళ్లతో కడిగితే మంట చేయంతా పాకుతుంది గానీ తగ్గదు. నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. ఇక ఆ పిల్ల ఆలోచన: బొటనవేలికి, చూపుడువేలికి తగిలించుకునే తొడుగు, కొసన చిన్న గాడి, తొడిమ గాడిలో ఇరికి ఊడిరావాలి. మొదటిసారి టైరు ట్యూబు ముక్కతో చేస్తే జారుతుంది, రెండోసారి గాడి లోతు ఎక్కువై కాయ చీలుతుంది. తొడిమతో పాటు కాయ చీలితే గింజలు రాలతాయి, ధర పడిపోతుంది. ఆ తప్పులన్నీ రాసిన చిత్తు పుస్తకమే న్యాయనిర్ణేతల ముందు ఆ పిల్లకి బలం. ఎంపికయ్యాక ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది పిల్లే, టీచరు కాదు. ఆలోచన పిల్లది కాకపోతే జిల్లా ప్రదర్శనలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు గురించి మీరు అడగలేదు గానీ, ఎయిడెడ్ స్కూల్లో ఉండి దాన్ని వదిలేస్తే ఎలా? ఎనిమిదో తరగతిలో పరీక్ష, సాధారణంగా డిసెంబరులో. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. జాగ్రత్తగా వినండి, ఇది మీ ఎయిడెడ్ సెక్షన్ల పిల్లలకే. అన్‌ఎయిడెడ్ సెక్షన్ పిల్లల పేర్లు కలిపి పంపితే తర్వాత తల్లిదండ్రులకు మీరే సమాధానం చెప్పుకోవాలి.

మానసిక సామర్థ్యం 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. పాఠ్యాంశాల్లో సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. తరగతిలో మొదటి ర్యాంకు పిల్లలు కూడా మానసిక సామర్థ్యంలో బోల్తా పడతారు. తెలియక కాదు, ప్రశ్నకి నిమిషమే అన్న సంగతి ఒంటబట్టక. సంఖ్యల వరస, అద్దంలో బొమ్మ, కోడింగు, దిక్కులు, క్యాలెండరు అని వారానికి ఒక రకం తీసుకుని, జూలై నుంచి వారంలో మూడు రోజులు ఇరవై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు, గోడ గడియారం ఎదుట. నవంబరులో మాత్రమే పూర్తి పేపర్లు. ఓఎంఆర్ షీట్లు (జవాబు గుండ్రాన్ని పెన్నుతో నింపే పత్రాలు) జిరాక్సు తీసి పిల్లల చేత నిజంగా దిద్దించండి. చివర్లో ఒకేసారి దిద్దుదామని పెట్టుకుని ఒక గడి తప్పితే కింద వరసంతా తప్పుతుంది. తప్పు జవాబుకి మార్కులు తీయరు, ఖాళీ వదలొద్దని మాత్రం పదేపదే చెప్పండి. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు ఆగస్టులోనే పెట్టించండి. ఆఖరి వారం అందరూ ఒక్కసారే పోతే పత్రం రాక కొందరు ఆగిపోతారు.

ఆటల్లో కూడా కాగితమే దెబ్బకొడుతుంది. స్కూల్ గేమ్స్ అండర్-14, అండర్-17 జట్లకు వయసు లెక్కించేది ఆ విద్యా సంవత్సరం డిసెంబరు 31 నాటికి. తరగతిని బట్టి జట్టు కడితే సెలక్షన్ల రోజు ఇద్దరు ముగ్గురు పక్కకు పోతారు, ఏడుగురుండాల్సిన కబడ్డీ జట్టు ఐదుగురితో మిగులుతుంది. పుట్టిన తేదీల జాబితా పీఈటీ గారి దగ్గర జూలైలోనే ఉండాలి. ఎంట్రీ ఫారాలు నాలుగైదు ఖాళీవి హెచ్‌ఎం సిస్టర్ సంతకంతో తీసుకెళ్దామనే ఆలోచన మాత్రం వద్దు, పేరు నింపాకే సంతకం. అమ్మాయిల జట్టుతో తప్పకుండా ఒక మహిళా టీచరు వెళ్లాలి. సంచిలో పదిమందికి సరిపడా శానిటరీ ప్యాడ్లు, ఒక చీకటి రంగు లంగా లేదా చున్నీ, ఉప్పు, పంచదార, నిమ్మకాయలు. ఆగస్టు ఎండకి గుంటూరు మైదానంలో ఒట్టి కాళ్లతో నిలబెట్టి సెలక్షన్ల కోసం రెండు గంటలు ఆపితే పరుగు మొదలవకముందే పిల్ల నీరసపడుతుంది.

ప్రేయర్ గురించి అడిగిన ఆ తల్లికి సూటిగా జవాబు చెప్పండి, నసగొద్దు. రాజ్యాంగం 30వ అధికరణం ప్రకారం మైనారిటీలు తమ విద్యాసంస్థలు నడుపుకోవచ్చు. 28వ అధికరణం మూడో ఖండిక ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ పొందే స్కూల్లో చదివే పిల్లని, తల్లిదండ్రుల అనుమతి లేకుండా మతబోధకు గానీ మతారాధనకు గానీ హాజరు కమ్మనకూడదు. రెండూ పక్కపక్కనే నిలుస్తాయి. ఆచరణలో, క్యాథలిక్ పిల్లలకు సత్యోపదేశం, అంటే వాళ్ల మతబోధ, జరిగే పీరియడ్‌లోనే మిగతావాళ్లకు నైతిక విద్య వేరే గదిలో వేరే టీచరుతో జరగాలి. చాలాచోట్ల గది లేదని వాళ్లను వెనక బెంచీల్లో కూర్చోబెట్టి హోంవర్కు చేసుకోమంటారు, తల్లులకు అనుమానం వచ్చేది అక్కడే. ఆ పీరియడ్‌కి మంచి టీచర్ని వేయండి, మిగిలిపోయిన టీచర్ని కాదు. మొదటి శుక్రవారం పూజకి, అక్టోబరు జపమాలకి వెళ్లేవాళ్ల జాబితా, తల్లిదండ్రుల అంగీకారంతో, సత్యోపదేశం చూసే సిస్టర్ దగ్గర ఉండాలి. అసెంబ్లీలో ప్రార్థన పాట తర్వాత మంచిమాట, వార్తలు, ప్రతిజ్ఞ వరస తప్పకుండా అన్ని మతాల పిల్లల చేతా చేయించండి. ఇదీ మీ పుస్తకంలో చుక్కే.

పదో తరగతి తల్లిదండ్రులు చెప్పేదాంట్లో సగం న్యాయం ఉంది. డిసెంబరు తర్వాత ఆ పిల్లల్ని ఏ నాట్యానికీ తీసుకోబోమని జూన్ సమావేశంలోనే రాసి చదివేయండి. ఆ మాట ముందే విన్న తల్లి డిసెంబరు దాకా ఊరుకుంటుంది.

వార్షికోత్సవం ఫిబ్రవరి రెండో వారం అన్నారే, దాన్ని వెంటనే మార్చండి. ఫిబ్రవరి 9, 10, 11 గుణదల మేరీమాత ఉత్సవాలు. మీ సిస్టర్లు, చర్చి ఫాదర్లు, క్యాథలిక్ కుటుంబాలు సగం విజయవాడలోనే ఉంటాయి, బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. పైగా 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10నే, అంటే సరిగ్గా ఆ మధ్య రోజున పడుతోంది. అక్కణ్నుంచి ఈస్టరు ముందు ఉపవాసాల తపస్సుకాలం, సిస్టర్ల స్కూల్లో డాన్సు ప్రోగ్రాం ఎవరూ ఒప్పుకోరు. మార్చి మొదట్లో శివరాత్రి, కోటప్పకొండ తిరనాళ్లకి బస్సులన్నీ అటే పోతాయి. ఆ నెలలోనే పదో తరగతి పరీక్షలు. సంక్రాంతి సెలవుల తర్వాత పిల్లలు కుదురుకోవడానికి ఒక వారం ఇచ్చి, జనవరి 28, 29, 30 తేదీల్లో ఒకటి ఎంచుకోండి. రిపబ్లిక్ డేకి నేర్పిన కవాతు, కట్టిన షామియానా, రెండూ అక్కరకొస్తాయి.

రిపోర్టు ఆరు నిమిషాలు దాటకూడదు. తెలుగులో నిమిషానికి వంద మాటల చొప్పున నింపాదిగా చదివితే ఆరొందల మాటలు. కిందటేడు వివరాలు దొరకలేదని బెంగపడకండి. మీ కాన్వెంట్లో సిస్టర్లు క్రానికల్ (జరిగిన సంగతులు తేదీలతో రాసే పుస్తకం) రాస్తూ ఉంటే మదర్ గారిని అడిగి స్కూలుకి సంబంధించిన తేదీలు రాయించుకోండి. తర్వాత ఆఫీసులో ఖర్చుల వోచర్లు తీయండి. "ఆటో ఛార్జీ, వ్యాసరచన పోటీ, నలుగురు పిల్లలు" అని గుమస్తా రాసిన చిన్న కాగితంలో తేదీ, స్థలం, తోడెళ్లిన టీచరు సంతకం మూడూ ఉంటాయి. ఆ టీచర్ని అడిగితే పిల్లల పేర్లు, పిల్లల ఇళ్ల నుంచి సర్టిఫికెట్ల జిరాక్సులు వస్తాయి. ఇకనుంచి సర్టిఫికెట్ పిల్ల చేతికి ఇచ్చేముందే జిరాక్సు తీసి ఫైల్లో పెట్టండి. వెనకవైపు పెన్సిల్‌తో ఎంతమంది పోటీ పడ్డారో రాయండి. ముగ్గురు పోటీ పడితే వచ్చిన మూడో స్థానాన్నీ, అరవై మందిలో వచ్చిన మూడో స్థానాన్నీ రిపోర్టులో ఒకే గొంతుతో చదవకూడదు.

బహుమతులు అరవై దాటనివ్వకండి. ఒక్కోదానికి ఇరవై సెకన్లనుకున్నా ఇరవై నిమిషాలు. పిల్లల్ని బహుమతుల వరసలోనే కుర్చీల్లో కూర్చోబెట్టి, ఒకరు అందుకుంటుంటే మరో ముగ్గురు మెట్ల దగ్గర సిద్ధంగా ఉండాలి. పుస్తకాలిస్తే మంచిదని అంటారు గానీ, మన ఊళ్లో స్టీలు డబ్బాకున్న విలువ వేరు, అది వాళ్లమ్మ వంటింట్లో ముప్పై ఏళ్లుంటుంది. రెండూ కలిపి ఇవ్వగలిగితే ఇంకా మంచిది. డబ్బాల మీద పేర్లు కొట్టించే పని పది రోజుల ముందే ఇవ్వండి. పేర్ల కాగితం గుర్తున్నట్టు రాయకుండా ఆ నాలుగు గళ్ల చీటీలు చూసి రాయండి. తెలుగులోనే కొట్టించండి. కాగితం కొట్టుకి పంపే ముందు ఏ పిల్ల పేరు ఆ పిల్ల చేతే ఒకసారి చదివించండి.